తెల్లచుక్కల ఆకు

కస్తూరికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: బిడ్డకి ఏదైనా అయి ఆసుపత్రికి ఎత్తుకుపోయినప్పుడు, డాక్టరు అడిగేదానికి జవాబు తెలియక నిలబడిపోవడం.

ఊరికే పుట్టిన భయం కాదది. మైత్రికి ఎనిమిదో నెలలో జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. "మందు ఎంత పోశావు?" అని నర్సు అరవంలో అడిగితే, "ఒక స్పూను" అంది కస్తూరి. ఏ స్పూను, చిన్నదా పెద్దదా, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు, సీసా మీద పేరేమిటి? కస్తూరి పమిట కొస మెలిపెడుతూ నిలబడింది. "బడికి పోలేదా నువ్వు?" అంది నర్సు. పోయింది. తొమ్మిదో తరగతి సగం దాకా పోయింది. అమ్మకి కాన్పు కష్టమై మంచాన పడితే ఇంట్లో వండేవాళ్లు లేక రెండు నెలలు మానమన్నారు. ఆ రెండు నెలలు గడిచాక బడి మాట ఎవరూ ఎత్తలేదు. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై ఒకటికి మైత్రి.

ఆ రోజు బిడ్డ బతికింది. భయం మాత్రం కస్తూరిలో ఉండిపోయింది. అప్పటి నుంచి కత్తిపీట అటక మీద, కిరోసిన్ అటక మీద, ఫినాయిలు అటక మీద. మందుసీసాల పేర్లన్నీ ఒక నోటుబుక్కులో కూడబలుక్కుని రాసుకుంది.

కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబులో అటెండరు పని దొరికింది కూడా ఆ రోజుల్లోనే. టెంపరరీ పని. స్లైడులు కడగడం, డ్రాపరు సీసాల్లో రంగులు నింపడం, మైక్రోస్కోపులకి గుడ్డ కప్పడం. అక్కడి భువనేశ్వరి మేడం రాజమండ్రి వైపు మనిషి, చెన్నై వచ్చి నాలుగేళ్లే. ఆ ల్యాబులో ఆవిడతో తెలుగు మాట్లాడేది కస్తూరి ఒక్కతే. అందుకో, మరెందుకో, ఒక మధ్యాహ్నం పిలిచి, "రా, చూడు. రోజూ కడుగుతావు కదా, దేన్ని కడుగుతున్నావో చూడొద్దూ?" అంది.

ఉల్లిపాయ పొర అది. స్లైడు కస్తూరి చేతే చేయించింది. కస్తూరి కన్ను ఆనించి, "నల్ల గీత గీసినట్టు గుండ్రంగా ఉండాయి మేడం, కణాలు" అంది.

మేడం చూసి నవ్వింది. "అవి గాలిబుడగలే తల్లీ. కవర్ స్లిప్ పైనుంచి పడేశావు. పడేయకూడదు. ఒక అంచు ముందు ఆనించి, సూదితో పట్టుకుని మెల్లిగా వాల్చాలి. నిద్రపోయిన పిల్లని పక్క మీద వేసినట్టు."

ఆ పని కస్తూరికి తెలుసు. రెండోసారి వాల్చినప్పుడు కనబడ్డాయి: చాప అల్లికలాగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పొడుగు పొడుగు గదులు, గదికొకటి చొప్పున అయొడిన్ పట్టి ముదిరిన చుక్క. ముందు చిన్న లెన్సు పెట్టాలనీ, వస్తువు దొరికాకే పెద్దది తిప్పాలనీ, అప్పుడు పక్కనున్న పెద్ద మర తిప్పితే లెన్సు దిగి స్లైడు పగులుతుందనీ నేర్చుకుంది. రెండు నెలలు తిరక్కుండా బ్లేడుతో కాండాన్ని కంటి రెప్పంత పలచగా కోసేది. ఫస్టియరు అమ్మాయిలు మేడం అటు తిరగగానే దగ్గర చేరేవారు. "అక్కా, అక్కా, నాకొకటి కోసి పెట్టవా. నేను కోస్తే సాంబారు ముక్క వస్తోంది."

ఒకరోజు వరండాలో ఉన్న కుండీ మొక్క కొమ్మ కోసుకు రమ్మంది మేడం. పెద్ద పెద్ద ఆకులు, ఆకుపచ్చ మీద తెల్లచుక్కలు. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో అందానికి పెడతారే, అది. కుండీకి కట్టిన చీటీ మీద పేరుంది: డీఫెన్‌బేకియా. కస్తూరి ఆ పేరు కూడా నోటుబుక్కులో రాసుకుంది. కాండం కోస్తుంటే రసం తగిలి వేళ్లు దురదపెట్టాయి. పెద్ద లెన్సు కింద చూస్తే, ఒక గదిలో సన్నటి సూదులు కట్టగట్టి ఉన్నాయి. ఆమె చూస్తుండగానే ఆ గది ఒక కొస తెరుచుకుని, సూదులు ఒకటొకటిగా నీళ్లలోకి దూసుకొచ్చాయి.

"కాల్షియం ఆక్సలేట్ సూదులు," అంది మేడం. "మొక్క తనని తినబోయేవాళ్ల కోసం దాచుకున్నవి. మనం తినే చేమదుంపలోనూ ఇవే. దురద అందుకే."

"దానికేనా మేడం మేము చింతపండు వేసేది?"

మేడం మొహం విప్పారింది. "అవును కదూ! పులుపుకి కరుగుతాయి. చూశావా, నా క్లాసులో అరవైమందికి తట్టలేదిది." తరవాత వెళ్తూ వెళ్తూ, "చేతులు సబ్బుతో కడుక్కో, ఆ చెయ్యి కంట్లో పెట్టుకోకు. మిగిలిన కొమ్మ పారేయ్" అంది.

కస్తూరి చేతులు కడుక్కుంది. కొమ్మ పారేయలేదు. ఆ సూదుల గదిని చూసిన కన్ను ఇంట్లో తనదొక్కటే. ఎవరికైనా చెప్పకపోతే నిద్రపట్టేలా లేదు.

చింతాద్రిపేటలో, కూవం ఏటి వైపు దిగే సందులో, ఒకే వసారా మీద రెండు గదులు. ఒకటి కస్తూరి వాళ్లది, రెండోది పంకజానిది. పంకజానికి అరవై ఎనిమిదేళ్లు, ఎవరూ లేరు. పొద్దున పూలు తెచ్చుకుని మూరలు కట్టి సందులోనే అమ్ముకుంటుంది. కస్తూరి కాలేజీకి పోయినంతసేపూ మైత్రి ఆమె దగ్గరే. దానికి ఎంతో కొంత డబ్బు చేతిలో పెట్టబోతే, "బిడ్డ నన్ను అవ్వా అంటాది గదమే, దానికి కూలి తీసుకుంటారా ఎవురన్నా?" అని కసిరేది. కస్తూరి గదిలో ఎండ పడదు. అందుకే కొమ్మని నీళ్ల సీసాలో పెట్టి పంకజం కిటికీలో నిలబెట్టింది.

"ఏందిమే ఇది, చేమాకు తెచ్చినావా? పులుసు పెడదామా?"

"తినేది కాదు పెద్దమ్మా. అందానికి."

"అందానికి నేనుండాను గదా ఈడ!"

కస్తూరి నవ్వు ఆపుకుని, "దీంట్లో సూదులుండాయి. నేను చూసినా" అంది.

పంకజం ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "యాడ? నాకు దారమెక్కించే సూదే కనబడి చావదు."

"ఉత్త కంటికి కనబడవు, మిషన్లో కనబడతాయి. చేమదుంప ఎందుకు దురదబెడతాది? ఆ సూదులే. చింతపండు ఎందుకేస్తాము? పులుపుకి కరిగిపోతాయి."

"అప్పిడియా, అట్లనా! మాయమ్మ గూడా ఏసేది, ఎందుకో తెలీకనే పోయింది." పంకజం బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "అయినా చంటిది తిరిగే చోటు. నోట్లో పెట్టుకుంటే?"

"ఏం గాదు. రవ్వంత చింతపండు నీళ్లు తాపితే సరి."

ఆ మాట కస్తూరి మేడం గొంతుతోనే చెప్పింది, చెయ్యి కూడా అలాగే తిప్పింది. "సరేమే. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్తే సరే" అంది పంకజం. ఆ మాట కస్తూరితో అంతకు ముందు ఎవరూ అనలేదు. దాన్ని రెండు మూడు రోజులు లోలోపల చప్పరించింది.

కత్తిపీటకి భయపడే కస్తూరి, ఫినాయిలుకి భయపడే కస్తూరి, ఆ సీసాకి భయపడలేదు. దాని సంగతి తనకి తెలుసు కదా.

మూడు వారాల తరవాత, బుధవారం. ల్యాబులో ఫోన్లు పనికిరావని మేడం నియమం. కస్తూరి ఫోను సంచిలో, సంచి బీరువాలో. పదకొండున్నరకి క్లాసు వదిలాక తీసి చూస్తే పంకజం నుంచి తొమ్మిది కాల్స్.

"ఒమే, రామే... బిడ్డ ఆకు కొరికింది. పండిపోయి కింద రాలింది, నేను పూలు కడతా జూడలా. నోరంతా వాచిపోయిందే..."

కస్తూరి ఆటోలో వచ్చేసరికి పంకజం బిడ్డని భుజాన వేసుకుని మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తుకొచ్చి ఉంది, కాళ్లకి చెప్పులు లేవు. మైత్రి పెదాలు ఉబ్బి బయటికి తిరిగాయి. నాలుక నోట్లో పట్టడం లేదు. చొంగ కారుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో నీళ్లు గరగరమంటున్నాయి. అది వాపు చప్పుడు కాదు. ఆ తేడా కస్తూరికి ఆ క్షణంలోనే తెలిసింది.

"నువ్వు చెప్పినట్టే తాపినా మే," అంది పంకజం ఆటోలో, రొప్పుతూ. "చింతపండు నీళ్లు, ఒక గలాసు. మింగకుండా ఊసేస్తా ఉంటే, ఆముదం తాపినట్టు ముక్కు పట్టుకుని తాపినా. ఒక్క సుక్క గూడా కిందబోనీలా. నువ్వు చెప్పినట్టే."

కస్తూరి బిడ్డ తల నిలబెట్టి పట్టుకుంది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు బల్ల మీద పడుకోబెట్టిన బిడ్డ నోట్లోకి టార్చి వేస్తూనే అడిగాడు. "ఏం తింది?"

"డీఫెన్‌బేకియా ఆకు."

అతను తలెత్తి చూశాడు.

"కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి సార్. పండాకు, అరచేతిలో సగమంత. పదిన్నరకి. పదకొండు కిలోల బరువు. పడని మందులేవీ లేవు."

"నర్సువా?"

"ల్యాబులో పని."

ఇన్నాళ్లూ ఏ ప్రశ్నలకి భయపడిందో అవన్నీ వచ్చాయి, అన్నిటికీ జవాబుంది. అప్పుడు ఊపిరితిత్తుల మీద స్టెతస్కోపు పెట్టిన డాక్టరు మొహం మారింది. "తరవాత ఏం తాపించారు?"

"చింతపండు నీళ్లు."

"చింతపండా? ఎవరు చెప్పారు తాపమని?"

కస్తూరి గోడకి ఆనుకుని నిలబడ్డ పంకజం వైపు చూసింది. "పక్కింటావిడ తాపింది," అంది.

అతను అడిగింది అది కాదు. కానీ గొట్టం తెమ్మని అప్పటికే అరుస్తున్నాడు, మళ్లీ అడగలేదు. పంకజం కస్తూరి కళ్లలోకి ఒక్కసారి చూసి, చూపు దించేసుకుంది.

గొట్టం వేశారు. మిషను ఊపిరి పోస్తోంది. సాయంత్రం డాక్టరు విడమరిచి చెప్పాడు. ఆకు వల్ల వచ్చిన వాపు నాలుగు రోజుల్లో తగ్గిపోయేది. చల్లటి నీళ్లతో నోరు తుడిచి వెంటనే తీసుకొచ్చి ఉంటే సరిపోయేది. వాచిన గొంతులో బలవంతంగా పోసిన పుల్లనీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగాయి. ఇప్పుడు గండం అక్కడుంది. బతుకుతుందా అని కస్తూరి అడిగితే, "చూద్దాం" అన్నాడు. 

కస్తూరి మొగుడు మునిరాజు జార్జి టౌనులో కాగితం గోడౌన్లో పని చేస్తాడు. అతను వచ్చేసరికి పంకజం ఇంకా వరండాలోనే కూర్చుని ఉంది. "ఒసే ముసలిదానా, నా బిడ్డ గొంతులో ఏం పోసినావే?" అని మీదికి పోయాడు. పదిమంది చూస్తున్నారు.

"తెలీక చేసినా నాయనా," అంది పంకజం. "బిడ్డ బాగుండనీ."

ఎవరు చెప్తే చేసిందో అనలేదు. కస్తూరి నేల మీది గచ్చు గళ్లు చూస్తూ కూర్చుంది. ఇప్పుడే చెప్పాలి అనుకుంది. ఇంకో నిమిషం అనుకుంది. పంకజం లేచి, ఉత్త కాళ్లతో మెట్లు దిగి వెళ్లిపోయింది.

విషం కేసు కనుక ఆసుపత్రి అవుట్‌పోస్టు కానిస్టేబులు కాగితాలతో వచ్చాడు. మొక్క ఎవరి ఇంట్లో ఉండింది? ఆమె కిటికీలో. నీళ్లు ఎవరు తాపించారు? ఆమె. నువ్వెక్కడున్నావు? కాలేజీలో. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అతను రాసుకున్నాడు, కస్తూరి కింద అక్షరం అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. కాలేజీ మొక్క దొంగతనంగా తెచ్చిందని తెలిస్తే ఉద్యోగం. తాపమన్నది తనేనని తెలిస్తే మొగుడు. ఆ రెండిటికీ భయపడింది. బిడ్డ కోసం భయపడటానికి తనలో చోటు మిగలదేమో అనిపించింది.

నాలుగో రోజు భువనేశ్వరి మేడం వచ్చింది. గాజు తలుపు అవతల గొట్టాల మధ్య ఉన్న మైత్రిని చాలాసేపు చూసింది.

"ఆ కొమ్మ నేను పారేయమన్నదేనా?"

కస్తూరి తలూపింది.

మేడం పక్కన కూలబడింది. "పులుపుకి కరుగుతాయి అన్నాను. పులుపులో గంటసేపు ఉడికితే అని చెప్పలేదు. నీ తెలివికి మురిసిపోయి సగం మాట మింగేశాను. నోట్లో గుచ్చుకున్నాక ఏ పులుపూ వాటిని తీయలేదే." కస్తూరి వైపు తిరిగి, "చింతపండు సంగతి ఆ పెద్దావిడకి ఎవరు చెప్పారు?" అంది.

"నేనే మేడం."

"ఆ మాట పోలీసు కాగితంలో ఉందా?"

"లేదు." కస్తూరి పమిట కొస మెలిపెట్టింది. "ఉద్యోగం పోతుందా మేడం?"

"పోవచ్చు. లేదని అబద్ధం చెప్పను." మేడం కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఏడో రోజు పొద్దున గొట్టం తీశారు. మైత్రి సొంతంగా ఊపిరి తీసుకుంది, రంపం కోసినట్టు చప్పుడు చేస్తూ. ఏడ్చింది గానీ ఏడుపు బయటికి రాలేదు, నోరు మాత్రం తెరుచుకుంది. గొంతు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. కుడివైపు ఊపిరితిత్తి ఎక్స్‌రేలో ఇంకా తెల్లగానే ఉంది. జ్వరం దిగలేదు. ఇంకా పది రోజులు ఇక్కడే, అవసరమైతే గొట్టం మళ్లీ వేస్తామన్నారు. తల్లి పక్కనుంచి కదలకూడదు.

మాస్కు కింద ఎగిరిపడుతున్న ఆ చిన్న ఛాతీని చూస్తూ కస్తూరి ఒక గంట కూర్చుంది. దాని ఒక్కొక్క ఊపిరికీ తను కారణం చెప్పగలదు. లేచి వరండాలోకి వచ్చి మునిరాజుకి చెప్పేసింది. కొమ్మ తెచ్చింది నేను. ఆడ పెట్టింది నేను. చింతపండు తాపమన్నది నేను.

కొడతాడనుకుంది. అతను కొట్టలేదు. బెంచీ మీద కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

"ముందే చెప్పుంటే ఏమే?" అన్నాడు తలెత్తకుండానే.

"ఏమయింది?"

"పోలీసు వచ్చి సందులో నిలబెట్టి అడిగినాడు ఆమెని. ఆ నాటి నుంచి పూలు ఎవురూ కొనడంలా. చంటిదానికి విషం పోసిందని చెప్పుకుంటా ఉండారు. ఇల్లుగలామె గది ఖాళీ చేయమనింది." గోడ వైపు తిరిగాడు. "వాకిట్లో చింతపండు పిసికి పోసినారు. తలుపు నిండా."

"ఎవురు?"

అతను గోడనే చూస్తున్నాడు. "నేనే."

కస్తూరి కానిస్టేబులు దగ్గరికి పోయి మొత్తం చెప్పింది. "ఎస్సై వచ్చాక మార్చి రాసుకుందాం, రేపు రామ్మా" అన్నాడతను, విసుగ్గా. పంకజానికి ఫోను చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగుసార్లు. "పోయి చూసిరా" అని మునిరాజుని పంపింది. అతను సందు మొదటి నుంచి ఫోను చేశాడు. "ఈడిదాకా వచ్చినా. తలుపు మూసే ఉంది. నేను గూడా ఇంటికి పోవడంలా గదా, సోమవారం నించీ తీయలేదంట. నాకు అడుగు పడడంలా కస్తూరీ. ఏ మొగం పెట్టుకుని తట్టేది?" అని, ఆమె గట్టిగా ఏదో అనేలోపే పెట్టేశాడు. ఆ తరవాత అతనూ ఎత్తడం లేదు. సందులో మిగిలినవాళ్లని అడిగితే, "మాకెందుకమ్మా ఆ గొడవ" అంటున్నారు.

ఇవాళ గురువారం. మైత్రి మాస్కు పీకేయబోతోంది, చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. కస్తూరికి ఇక్కణ్ణుంచి లేవడానికి లేదు.

అందుకే ఇది చదువుతున్న మీరు, చింతాద్రిపేట వైపు పోయే పని ఉన్నా లేకపోయినా, ఒక్కసారి వెళ్లండి. మార్కెట్టు దాటాక కూవం వైపు దిగే మూడో సందు. వసారా మీద రెండు తలుపులుంటాయి, ఎడమ చేతి తలుపు. మరక ఇంకా ఉంటుంది, తప్పిపోరు. పంకజమ్మా అని పిలవండి. తీస్తే, బిడ్డ ఊపిరి తీసుకుంటోందని చెప్పండి, తాపమన్నది కస్తూరేనని పోలీసుకీ మొగుడికీ చెప్పేసిందని చెప్పండి. అన్నం తిన్నదో లేదో అడగండి. తీయకపోతే వెనక్కి రాకండి. ఇంకా గట్టిగా తట్టండి. ఎవరినైనా పిలిచి తలుపు తీయించి, ఆమె ఎలా ఉందో చూడండి.